పొడుగు యాంటెనా రిమోటు

మగవాళ్లు బొమ్మ బండ్లతో ఆడుకోవడం మీద తలుపులమ్మకు అభ్యంతరమేమీ లేదు. ఆవిడా ఆడుకునేది. ఆడుకోవడం చేతకాక, చేతనైనట్టు మాట్లాడే వాళ్లను చూస్తేనే ఒళ్లు మండేది.

ఆవిడ కొవ్వూరులో హైస్కూలు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగమంతా మెడలో ఈల వేసుకుని ఊళ్లో పిల్లలందర్నీ పరిగెత్తించింది. తీరా తనకు తీరిక దొరికేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. టీవీ ముందు కూర్చుని సీరియళ్లలో వాళ్ల కష్టాలకు కళ్లొత్తుకునే రకం కాదు. అలా ఏం చేయాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర పాత సామాన్ల కొట్లో ఒక ఎర్ర జీపు ఆవిడ కంటబడింది. పిల్లి పిల్లంత జీపు, దానికి మించిన చక్రాలు. పక్కనే రిమోటు. ఆ రిమోటుకు లాగితే మూరెడు సాగే స్టీలు యాంటెనా. కొట్టువాడు మీట నొక్కగానే జీపు గుమ్మం దాటి, ఫుట్‌పాత్ మీది చెప్పుల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ దూసుకుపోయింది. తన కాళ్లు కదలకపోయినా తన చేతిలోంచి ఏదో ఒకటి పరిగెడుతుందన్న ఆలోచనకే తలుపులమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం ఆలోచించకుండా కొనేసింది.

కొన్నాక దాన్ని నడపడానికి చోటు కావాలి. వీధిలో నడిపితే కుక్కలు వెంటపడ్డాయి. అప్పుడే ఎవరో సత్యప్రసాద్ గారి చేను సంగతి చెప్పారు.

సత్యప్రసాద్‌కు రొయ్యల చెరువులున్నాయి, వరి పొలాలున్నాయి, వాటన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకు గౌరవం ఉంది. రెండో పంట కోతలయ్యాక గోదావరి గట్టు కింద తన చేలో ఒక మూల చదును చేయించి, మట్టి దిబ్బలు పోయించి, రిమోటు బండ్ల క్లబ్బు పెట్టాడు. గట్టు మీదికి కనిపించేలా ఫ్లెక్సీ కట్టించాడు. అందులో బండి బొటనవేలంత, ఆయన ముఖం గుమ్మడికాయంత. ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడికి నలభైలూ యాభైలూ దాటిన పెద్దమనుషులు ఖరీదైన బండ్లను బిడ్డల్లా ఎత్తుకుని దిగేవారు. ఒక్కడికీ బండిని తిన్నగా మలుపు తిప్పడం రాదు. గుద్దుకుంటే దిబ్బది తప్పు, బోల్తా పడితే టైరుది తప్పు, ఆగిపోతే కంపెనీది తప్పు. తప్పు చేసిన పిల్లాడు ముందు గోడవైపు, తరవాత పక్కవాడివైపు చూపించడం తలుపులమ్మ ఉద్యోగమంతా చూసింది. వీళ్లకు మీసాలు మాత్రం అదనం.

వీళ్లకు సలహాదారు హరిబాబు. ఎరువుల కొట్టు నడిపేవాడు. ఏ విషయం మీదైనా ఫోన్లో ఒక్క వీడియో చూస్తే చాలు, సాయంత్రానికల్లా అందులో పండితుడైపోతాడు. రిపేర్లు చేసేది విజయ్ పాల్. సత్యప్రసాద్ డైరెక్టరుగా ఉన్న సొసైటీ బ్యాంకులో గుమాస్తా. ఒకప్పుడు తలుపులమ్మ దగ్గర కబడ్డీ ఆడినవాడే. వైర్లు అతికించడం, స్క్రూలు బిగించడం తెలుసు కాబట్టి అందరి బండ్లూ అతని ఒళ్లోకే చేరేవి. తన బండిని అతను నడపగా ఎవరూ చూడలేదు. అతని భార్య మెర్సీ కూడా వచ్చేది. అక్కణ్నుంచి సరాసరి లూథరన్ చర్చికి వెళ్లాలి కాబట్టి తెల్లచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగులో బైబిలు పెట్టుకుని, వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటూ ఉండేది.

తలుపులమ్మ తన ఎర్ర జీపుతో మొదటిరోజు దిగినప్పుడు అందరూ నవ్వారు. "మేడమ్ గారూ, ఆ యాంటెనాతో మామిడికాయలు కోసుకోవచ్చండోయ్," అన్నాడు హరిబాబు. ఆవిడ పట్టించుకోలేదు. జీపును దిబ్బల మధ్యనుంచి ఒక్కసారి కూడా తగలకుండా తిప్పి తీసుకొచ్చి తన చెప్పుల ముందు ఆపింది. దాంతో నవ్వులు ఆగిపోయాయి. వాళ్లు ఆ సంగతి మర్చిపోలేదని తరవాత తెలిసింది.

గొడవ జరిగిన ఆదివారం సత్యప్రసాద్ కొత్త ట్రక్కు తెచ్చాడు. మేకపిల్లంత ఉంది. ముందు వరసగా లైట్లు. మామూలుగా రాని లైట్లట, ప్రత్యేకంగా విజయ్ పాల్ చేత పెట్టించుకున్నాడు. పట్టపగలు ఎండలో ఆ లైట్లు వేసుకుని బండి నడుపుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు "అబ్బ, ఏముందండీ!" అని మెచ్చుకున్నారు.

దగ్గర్లో తిరిగినంతసేపూ ట్రక్కు బుద్ధిగానే ఉంది. తలుపులమ్మ జీపు పక్కపక్కనే పరిగెడుతున్నా ఏమీ కాలేదు. సత్యప్రసాద్‌కు ఉత్సాహం వచ్చి దాన్ని చేను అటు చివరికి వదిలాడు. అక్కడ బోరు షెడ్డు ఉంది. షెడ్డు దాటగానే ట్రక్కు ఒక్కసారి వణికింది. చక్రాలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. తరవాత వెనక ఎవరో తరుముతున్నట్టు పూర్తి వేగంతో తిన్నగా దూసుకుపోయి, చేను చివరి గట్టెక్కి, గాల్లోకి లేచి, పంటకాలువలో పడింది. సత్యప్రసాద్ రిమోటు మీద మీటలన్నీ నొక్కుతూనే ఉన్నాడు. నీళ్లలో లైట్లు కాసేపు వెలిగి ఆరిపోయాయి.

"ఎవరండీ నా బండి మీద సిగ్నల్ వేసింది?" అని అరిచాడు.

అందరూ ఒకరి రిమోటు ఒకరు చూసుకున్నారు. హరిబాబు మాత్రం తలుపులమ్మ చేతివైపు వేలు చూపించాడు.

"ఇంకెవరండి? ఆ పొడుగు కడ్డీ చూడండి. పాతకాలం రిమోటు. అంత యాంటెనా ఉందంటే సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందో ఆలోచించండి. మనవన్నీ కొత్త టెక్నాలజీ, సున్నితం. ఆవిడ మీట నొక్కితే మన బండ్లకు పిచ్చెత్తిపోద్ది. నేను వీడియోలో చూశాను."

"హరిబాబు గారూ, నా జీపు ఆ రెండో దిబ్బ దాటితే నా మాటే వినదు," అంది తలుపులమ్మ. "అంత దూరంలో ఉన్న వారి ట్రక్కు మాత్రం నా మాట వింటుందా?"

"అది వేరండి. అది మీకు అర్థం కాదు."

"మీకు అర్థమైందిగా. చెప్పండి, వింటాను."

హరిబాబు సత్యప్రసాద్ వైపు చూశాడు. సత్యప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. పంచాయతీ తీర్చేవాడిలా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"చూడండి తలుపులమ్మ గారూ. మీరు పెద్దవారు. మిమ్మల్నేమీ అనట్లేదు. అయితే చేను నాది, క్లబ్బు నాది. మీ రిమోటు వల్ల అందరికీ ఇబ్బంది అవుతోంది. ఇంక మీరు రాకుండా ఉంటే బాగుంటుందండి."

తలుపులమ్మ చుట్టూ చూసింది. అందరూ ఎవరి బండి చక్రాలు వాళ్లు చూసుకుంటున్నారు. ఈలోపు ట్రక్కును కాలువలోంచి తీసుకొచ్చారు. విజయ్ పాల్ వేపచెట్టు కింద దాన్ని ఒళ్లో పెట్టుకుని మూత విప్పి లోపలికి చూశాడు. చూసినవాడు చటుక్కున మూత పెట్టేసి, ఇంతకు ముందే బిగించిన స్క్రూను మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తలేదు. ఆరో తరగతిలో బంతి తగిలి హెడ్‌మాస్టరు గదిలో గ్లోబు కిందపడిన రోజున కూడా వాడు ఇలాగే బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడని ఆవిడకు బాగా గుర్తు.

తలుపులమ్మ యాంటెనా లోపలికి నొక్కేసింది. జీపును చంకలో పెట్టుకుని గట్టెక్కింది. మోకాళ్లు నొప్పిపెట్టాయి. వెనకనుంచి ఎవరైనా చెయ్యి అందిస్తారేమోనని చూసుకోలేదు. ఎవరూ అందించలేదు కూడా.

వారమంతా ఆవిడకు అన్నం సహించలేదు. బండి గురించి కాదు. తన జీవితంలో ఆటస్థలంలోంచి ఎందరినో బయటికి పంపింది. అందర్నీ తప్పు చేశాకే పంపింది. తను చేయని తప్పుకు తననే ఒకడు, అదీ మలుపు తిప్పడం రానివాడు, బయటికి పంపాడు. ఇది మింగుడుపడలేదు.

యాంటెనాల సంగతి ఆవిడకు తెలియదు. తరంగాల సంగతి అసలే తెలియదు. ఆటలో ఏ మలుపు దగ్గర ఎవడు కాలు జారుతున్నాడో చూడటం మాత్రం తెలుసు. ట్రక్కు తన పక్కన ఉన్నప్పుడు బాగానే ఉంది. దూరం పోయాకే చెడింది. తప్పు తన రిమోటుదైతే దగ్గర్లో ఉన్నప్పుడే చెడాలి కదా? ఇది ఐదో తరగతి పిల్లాడికి కూడా తట్టే విషయం. ఆ చేలో అంతమంది మగవాళ్లున్నారు, ఒక్కడికీ తట్టలేదు. లేదా తట్టినా, చేను ఎవరిదో గుర్తొచ్చి ఊరుకున్నారు. రెండో దానికే ఆవిడకు ఎక్కువ అసహ్యం వేసింది.

మళ్లీ ఆదివారం చేతులూపుకుంటూ చేలోకి దిగింది. సత్యప్రసాద్ ముఖం మాడ్చుకున్నాడు.

"భయపడకండి. జీపు తేలేదు, రిమోటు తేలేదు. మీ బండి ఆరిందని తెలిసి చూద్దామని వచ్చాను. చూడటానికి కూడా సభ్యత్వం కావాలా?"

కాదనలేకపోయాడు. ఆవిడ మెర్సీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మెర్సీ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది గానీ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయింది.

ట్రక్కు బయల్దేరింది. వీడియో తీస్తానని హరిబాబు ఫోను పట్టుకుని చేను అవతలి చివర, బోరు షెడ్డుకు ఆవల నిలబడ్డాడు. దగ్గర్లో రెండు చుట్లు చక్కగా తిరిగింది. "చూశారా? ఆవిడ రిమోటు లేకపోతే ఎంత బుద్ధిగా ఉందో!" అన్నాడు సత్యప్రసాద్ పక్కవాళ్లతో, ఆవిడకు వినబడేలా. అని, బండిని షెడ్డువైపు వదిలాడు.

షెడ్డు దాటింది. వణికింది. తరవాత బుర్రుమని తిన్నగా హరిబాబు మీదికే పోయింది. హరిబాబు ఫోను తెరలోనే చూస్తున్నాడు కాబట్టి అందులో బండి పెద్దదవుతుంటే మంచి దృశ్యం దొరికిందనుకున్నట్టున్నాడు. మోకాలి కింద ఎముకకు తగిలాక గానీ అది నిజం బండి అని తెలియలేదు. ఆ వీడియోలో చివరికి మిగిలింది ఆకాశమూ, హరిబాబు పెట్టిన కేకా.

కుంటుకుంటూ వచ్చాడు. వస్తూనే, "ఆవిడ రిమోటు ఇంట్లో ఆన్ చేసి ఉందేమో అడగండి! తరంగాలు ఎంత దూరమైనా వస్తాయండి," అన్నాడు.

తలుపులమ్మ చేతిసంచీలోంచి బ్యాటరీలు తీసి టీ కప్పు పక్కన వరసగా నిలబెట్టింది.

"రిమోటు ఇంట్లో ఉంది. దాని ప్రాణం ఇదిగో. ఇంకేదైనా మిగిలుంటే అదీ నా మీదే పెట్టండి హరిబాబు గారూ, మొహమాటపడకండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లేచి నిలబడింది.

"విజయ్ పాల్. ఇలా రా."

ఈల లేదు గానీ గొంతు అదే. వెంట్రుకలు నెరుస్తున్న విజయ్ పాల్ చేతిలో స్క్రూడ్రైవరుతో సహా లేచి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఏం చేశావు?"

"నేనేం చేయలేదండి టీచర్ గారండి."

"చేశావా అని అడగలేదు. ఏం చేశావని అడిగాను."

విజయ్ పాల్ సత్యప్రసాద్ వైపు చూశాడు. నేలవైపు చూశాడు. వెనకనుంచి మెర్సీ గొంతు వినబడింది, పెద్దగా కాదు.

"చెప్పేయండి. ఇంకాసేపట్లో చర్చిలో కూర్చోవాలి. ఈ ముఖంతో నేను మీ పక్కన కూర్చోను."

అప్పుడు చెప్పాడు. లైట్లు పెట్టేటప్పుడు ట్రక్కు లోపల రిసీవరు నుంచి సన్నటి తీగ ఒకటి వేలాడుతూ కనిపించిందట. ఎక్కువైన తీగ అనుకుని, చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని కొస కత్తిరించేశాడట. ఆ కొసే సిగ్నల్ అందుకునేది. అది పోయాక దగ్గర్లో పనిచేస్తుంది, దూరం పోతే సిగ్నల్ తెగిపోతుంది.

"తెగితే ఆగిపోవాలి గదా? ఆంబోతులా పరిగెడుతుందేంటి?" అంది తలుపులమ్మ.

"ఆగాలండి. సిగ్నల్ పోతే ఏం చేయాలో బండికి ముందే సెట్ చేసి పెడతామండి. సెట్ చేసేటప్పుడు మీట వదిలెయ్యాలి. నేను తెలియక నొక్కిపట్టి చేశానండి. అందుకని సిగ్నల్ పోగానే ఫుల్ స్పీడు అందుకుంటోంది."

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

విజయ్ పాల్ స్క్రూడ్రైవరును చేతిలో తిప్పాడు.

"మూత విప్పి చూసినప్పుడే తెలిసింది. అవునా? నన్ను పొమ్మంటున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసండి."

"ఈ వారంలో బాగు చేయడానికి ఏమొచ్చింది?"

"తీగ అతికించానండి, సరిపోద్దేమోనని. అతుకు నిలవలేదండి. సెట్టింగు మార్చాలంటే రిమోటు కావాలండి. రిమోటు సార్ గారింట్లో ఉంది. అడిగితే ఎందుకని అడుగుతారని..."

అందరూ సత్యప్రసాద్ వైపు తిరిగారు. విజయ్ పాల్ కళ్లు మూసుకున్నాడు, దెబ్బ పడబోతున్నట్టు.

సత్యప్రసాద్ ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత ముఖం విప్పారింది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, ఇది వైరింగు గొడవని! ఏం హరిబాబూ, అన్నానా లేదా?"

"మరేనండి, అన్నారండి," అన్నాడు హరిబాబు కాలు నిమురుకుంటూ.

"ఇంత చిన్నదానికి భయపడతావేంటయ్యా విజయ్? కొత్త రిసీవరు తెప్పించుకుందాం, బిగిద్దువుగాని." అని, నవ్వుతూ తలుపులమ్మ వైపు తిరిగాడు. "మీరు ఎప్పట్లాగే రావచ్చండి. మీకు గౌరవ సభ్యత్వం ఇస్తాం. కొత్త ఫ్లెక్సీలో మీ ఫోటో కూడా వేయిద్దాం."

"క్షమించండి అనే మాట ఒకటుందండి సత్యప్రసాద్ గారూ. మీకు తెలుసా?"

"అయ్యో, మన మధ్య అవన్నీ ఏంటండి!"

ఆయనకు ఆ మాట నిజంగానే అనవసరంగా తోచింది. అది ఆవిడకు స్పష్టంగా కనిపించింది. ఈ మనిషి అబద్ధం కూడా ఆడటం లేదు. వారం కిందట తనన్న మాటను కడిగేసుకున్నాడు, ఇప్పుడన్న మాటే మొదట్నుంచీ అన్నానని నమ్ముతున్నాడు. ఇలాంటివాడితో వాదించడం వృథా. బ్యాటరీలు సంచిలో వేసుకుని, మెర్సీకి టీ బాగుందని చెప్పి, గట్టెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం విజయ్ పాల్ ఆవిడ ఇంటికి వచ్చాడు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. అరుగు కింద చెప్పులు విడిచి, పైకెక్కాలో లేదో తెలియనట్టు నిలబడ్డాడు. ఆవిడ రమ్మనలేదు.

"తప్పైపోయిందండి టీచర్ గారండి."

"తీగ కత్తిరించినందుకు నాకు కోపం లేదురా. తెలియక చేశావు. నేను గట్టెక్కి పోతుంటే తలొంచుకుని బిగించిన స్క్రూనే బిగించుకుంటూ కూర్చున్నావు చూడు, అదీ."

"సార్ గారు మా బ్యాంకు డైరెక్టరండి."

"అయితే? చెప్పుంటే ఏం చేసేవాడు?"

విజయ్ పాల్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఏమోనండి."

"ఏమోనంట! ఫలానా పని చేస్తాడని భయపడి నన్ను పోనిచ్చావంటే నీకు కనీసం ఒక లెక్కుందనుకునేదాన్ని. ఏమోకి భయపడ్డావు. పొద్దున చూశావుగా, వాడేం చేశాడు? నవ్వాడు. వాడి నవ్వుకి భయపడి వారం రోజులు నన్ను దొంగను చేశావు."

అతని కళ్లు నిండాయి. చిన్నపిల్లాడైతే ఆవిడ కరిగేదేమో. ఇతనికి బట్టతల వస్తోంది.

"ఆ డబ్బా మెర్సీకి ఇవ్వు. వెళ్లు."

అతను వెళ్లాక ఆవిడ చాలాసేపు అరుగు మీదే కూర్చుంది. వాడికి నిటారుగా నిలబడటం నేర్పింది తనే. ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి మరీ నేర్పింది. వెన్ను నిలబడింది గానీ లోపలేదీ నిలబడలేదు. అది నేర్పడం తన వల్ల కాలేదేమోనని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. మరి మెర్సీకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పి ఉండరు. ఆ ఆలోచన రాగానే విజయ్ పాల్ మీద మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

తరవాతి ఆదివారం ఆవిడ జీపు తీసుకుని హైస్కూలు గ్రౌండుకు వెళ్లింది. వాచ్‌మన్ పాత టీచరమ్మని గేటు తీశాడు. సెలవులు కాబట్టి ఖాళీ. గడ్డి ఎండిపోయి నేల గట్టిగా, బండికి అనువుగా ఉంది. ఎవరి ఫోటోలూ లేవు. హాయిగా నడుపుకుంటుంటే గేటు దగ్గర తెల్లచీర కనిపించింది. మెర్సీ, ఒక్కతే.

"ప్రార్థన అయిపోయిందా?" అంది తలుపులమ్మ.

"అయిపోయిందండి. ఇటొచ్చి ఉంటారనుకుని వచ్చాను."

"మీ ఆయన పంపాడా?"

"లేదండి. ఆయన చేనుకెళ్లారు. కొత్త రిసీవరు వచ్చిందంట, ఇవాళే బిగించాలని సార్ గారు ఫోన్ చేశారు. చర్చికి కూడా రాలేదు."

తలుపులమ్మ ఆ రోజుల్లో మొదటిసారి పెద్దగా నవ్వింది. గ్రౌండు అవతల వాచ్‌మన్ తిరిగి చూసేంత గట్టిగా.

మెర్సీ నవ్వలేదు. రిమోటు వైపు చూస్తూ నిలబడింది.

"ఇన్నాళ్లూ ఆ చెట్టు కింద కూర్చుని చూశానండి. ఒక్కసారి ఇస్తారా?"

తలుపులమ్మ రిమోటు ఆమె చేతిలో పెట్టింది. మెర్సీ హ్యాండ్‌బ్యాగు గడ్డి మీద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని మీట నొక్కింది. జీపు ఎగిరి దూకినట్టు ముందుకు పోయి, అడ్డంగా తిరిగి, లాంగ్‌జంప్ గుంతలో ఇసకలో దిగబడింది. చక్రాలు గిరగిరా తిరుగుతూ ఇసక చిమ్ముతున్నాయి.

"మీట వదులు! ఎంత నొక్కితే అంత దిగబడుద్ది. ఇప్పుడు మెల్లగా వెనక్కి. మెల్లగా అన్నాను."

మెర్సీ పెదవి కొరుక్కుంటూ మీట మెల్లగా లాగింది. జీపు కదిలీ కదలనట్టు కదిలి, గుంత అంచు ఎక్కి, గడ్డి మీదికి వచ్చి నిలబడింది.

"ఊఁ," అంది తలుపులమ్మ. "మళ్లీ తిప్పు."